తెరచాప మీద ప్రళయం

తెరచాపనే తెర చేసి కట్టాం.
బౌరో పడవది. నడిమధ్యన చేతివెడల్పు మాసిక.
సినిమా పొడుగునా కథానాయకుడి మొహం
ఆ మాసిక దగ్గరికొచ్చేసరికి
వంకరపోతూనే ఉంది.

గోడల్లేని మా సభాశాలలో
చాపల మీద నూట అరవై మందిమి,
రెండు కుక్కలు, జనరేటరు రొద.
పెట్రోలుకి ఇంటింటా చందా వేశాం,
అందుకే ఎవరూ మధ్యలో లేవలేదు.

లోకం మునిగిపోయే కథ.
తొమ్మిదో నిమిషంలో మంచు విరిగింది.
పదకొండో నిమిషానికి సముద్రం లేచి నిలబడింది,
అరవై అంతస్తుల ఎత్తున,
ఫొటోకి నిలబడ్డట్టు.
అతను కారెక్కాడు. అల వెంటపడింది.
అతను సందు మలుపు తిరిగితే అదీ తిరిగింది.
"దానికి దారెవరు చెప్పారర్రా?" అంది నెయి టెబవా.
పిల్లల నవ్వుల్లో
అతను భార్యని క్షమాపణ అడిగిన మాట
మాకెవరికీ వినపడలేదు.

నేను బావుల్లో ఉప్పు కొలిచేవాణ్ణి.
ఇరవై ఏడు బావులు, ఒక మీటరు, ఒక నోటుబుక్కు.
నాకు తెలిసిన సముద్రానికి పరుగు రాదు.
అది అడుగునుంచి వస్తుంది.
పిలవని చుట్టంలాగా అనడానికీ లేదు,
చుట్టమైతే గుమ్మంలో చెప్పులైనా కనపడతాయి.
ముందు టీ రుచి మారుతుంది.
తర్వాత గుంటలో నాటిన చేమ ఆకుకి
అంచున సన్నటి గోధుమరంగు గీత.
ఆ తర్వాతెప్పుడో ఒక ఇంటావిడ
కూరలో ఉప్పు వెయ్యడం మానేస్తుంది,
మానేసినట్టు తనకే తెలీదు.
ఏ మూల పెడతారు కెమెరా, దీనికి?

మేమూ ఉన్నాం సినిమాలో.
వార్తల్లో, మ్యాపు మీద, చుక్కంత.
కిరిబాస్ అని మేం పిలుచుకునే పేరుని
రాసున్నది రాసున్నట్టు కిరిబాటి అని చదివాడు వార్తలవాడు.
మూడు సెకన్లు.
చుక్క ఆరిపోయింది.
"మనం పోయాం" అన్నారెవరో వెనకనుంచి.
బిడ్డకి చేప ముద్ద పెడుతున్న చెయ్యి ఆగలేదు.
ఆ తర్వాత గంటంబావు
అతని కుక్క దొరుకుతుందా లేదా అన్నదే బెంగ.

దొరికింది.

దాచుకోవడం దేనికి,
ఆ అల లేచినప్పుడు నా గుండె కూడా ఝల్లుమంది.
కాస్త అసూయ కూడా పడ్డాను.
అబద్ధమే గానీ దానికి గొంతుంది.
పద్నాలుగేళ్లుగా నేను పంపే అంకెలకి
"అందినది" అని ఒక ముక్క జవాబొస్తుంది.
ఒక్కోసారి అదీ రాదు.

చివర్న మిగిలినవాళ్లంతా కొండెక్కి
తెల్లారడం చూశారు.
మా దీవిలో అన్నిటికన్నా ఎత్తు చర్చి మెట్లు.
నాలుగు.
పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

దీపాలు వేశాక నెయి టెబవా లేవలేదు.
"అయితే, అంతా అయ్యాక ఊడ్చిందెవరు?"
నాకు అర్థం కాలేదు.
"ఇసక. అంత నీళ్లొస్తే ఎంత ఇసకొస్తుంది!
ఫిబ్రవరి పోటుకి ఇక్కడ చీలమండ దాకా వస్తేనే
మూడ్రోజులు ఊడ్చాం, నేనూ నా కోడళ్లూ.
చాపలు ఎండెయ్యాలి. బావి తోడాలి.
మా ఆయన సమాధి రాళ్లు మళ్లీ ఏరుకొచ్చి పేర్చాలి.
ఆ మర్నాడు చూపించలేదేం?"
చీపురు కోసం వెతుక్కుంటున్నట్టు
తెర వెనక్కి కూడా తొంగి చూసింది.

నాలుగింటికి బౌరో తెరచాప విప్పుకున్నాడు,
వేటకెళ్లాలి.
లోకం అంతమైన గుడ్డ
మంచుకి కొద్దిగా తడిసింది.
ఒకసారి దులిపి పడవకి కట్టాడు.
గాలికి నిండుకుంది.
ఆ మాసిక మటుకు దూరందాకా కనపడింది.

నేను పదహారో నంబరు బావి దగ్గరికెళ్లి
మీటరు ముంచాను.
వచ్చింది రాసుకున్నాను.
భయపడేంత అంకేం కాదు.
పోయిన నెలకంటే
కొంచెం.